మూగజీవికి శాశ్వత గృహం

2005 ఆగస్టు 29న కత్రినా పెనుతుపాను అమెరికాలోని లూసియానా తీరాన్ని తాకింది. వరదగట్లు తెగి న్యూ ఆర్లియన్స్ నగరం నీట మునిగింది. సహాయక బస్సులలో, పునరావాస కేంద్రాలలో పెంపుడు జంతువులకు చాలావరకు ప్రవేశం లభించలేదు. అందువల్ల వేలాది కుక్కలు ఇళ్లలోనే చిక్కుకుపోయాయి. స్వచ్ఛంద సేవకులు పడవలపై వెళ్లి ఎన్నింటినో కాపాడారు. శిబిరాలు నిండిపోగా వాటిని ఇతర రాష్ట్రాలకు తరలించారు. అక్కడి కుటుంబాలు వాటిని ఆదరించి పెంచుకున్నాయి. కొంతకాలానికి పూర్వ యజమానులు వెతుక్కుంటూ వచ్చారు. ఇరుపక్షాలదీ ప్రేమే కావడంతో కొన్ని వివాదాలు న్యాయస్థానాలకెక్కాయి. కనుక, రక్షించిన జంతువును మరొకరికి అప్పగించే ముందు దాని ఆనవాళ్లను నమోదు చేసి, యజమానికి తగిన గడువు ఇవ్వడం న్యాయం. విపత్తు ప్రణాళికలలో పెంపుడు జంతువుల రక్షణను కూడా చేర్చాలని అమెరికా 2006లో చట్టం చేసింది. యజమాని నుండి విడదీయకుండా కాపాడడమే ఉత్తమమైన రక్షణ.