సరకు ఏనాడు రావలెను?

సబ్బుల కర్మాగారమొకటియు, దానియొద్దనుండి సరకు తెప్పించుకొను టోకు వర్తకుడొకడును ఉన్నారనుకొందము. ఆ వర్తకునకు వారమునకు 100 పెట్టెలు చెల్లును. లారీ కిరాయి, హమాలీ కూలి మున్నగునవి దఫాకింతయని పడునవి గనుక మాటిమాటికి తెప్పించినచో అవి పెరుగును. ఒక్కమారే కుప్పగా తెప్పించినచో గిడ్డంగి అద్దెయు, సరకులో చిక్కుకొన్న సొమ్మునకు వడ్డీయు పెరుగును. ఈ రెంటి మొత్తము కనిష్ఠమగుటకు ఎంత సరకును, అనగా ఎన్నాళ్లకొకసారి, తెప్పించుకొనవలయునో తెలుపు సూత్రమును అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్ 1913లో ప్రకటించెను. ఆ సూత్రము వర్తకునకు 3 వారములనియు, యంత్రములను ఒక రకపు సబ్బునుండి మరియొక రకమునకు మార్చు ఖర్చు అధికమగుటచే కర్మాగారమునకు 4 వారములనియు చెప్పినదనుకొందము. ఎవరి లెక్క వారికి సరియే.

ఇక రెండు లెక్కలు కలిసినచోట నేమగునో చూడుడు. మొదటి దినమున 400 పెట్టెలు తయారగును; వర్తకుడు 300 కొనిపోవగా 100 మిగులును. 3 వారములు గడచునప్పటికి అతని లారీ మరల గుమ్మమున నిలుచును. తరువాతి తయారీకి ఇంకను వారము గడువున్నది. ఈ లోటు రాకుండుటకు కర్మాగారము 200 పెట్టెలు ముందుగనే అదనముగా దాచియుంచవలసినదే. 12 వారములకు గాని ఈ రెండు ఆవర్తనములును ఒకే దినమున కలిసికొనవు. తయారీ ఒక్క దినముననే ముగియునని భావించి ఆ 12 వారములను లెక్కించినచో కర్మాగారమున సగటున 250, వర్తకునియొద్ద 150, వెరసి 400 పెట్టెలు నిలువయుండును. వర్తకుడు 4 వారములకొకమారు, సరకు తయారైన దినముననే వచ్చెనేని, అతని సగటు నిలువ 200 అగును, కర్మాగారమున ఏమియు నుండదు. అమ్మకము ఒక్క పెట్టెయైనను తగ్గకయే నిలువ సగమైనది!

వర్తకునకు నష్టము లేదా? కలదు, కాని స్వల్పము. హారిస్ వక్రరేఖ అడుగున మిక్కిలి చదునుగా నుండుటచే 3 వారములు 4 అయినను వ్యయము నూటికి 4 మాత్రమే హెచ్చును. గడువు రెట్టింపైనను నూటికి 25కు మించదు. అయినను తన చేతినుండి పోవునది స్వల్పమేయని యెవ్వడు ఊరకుండును? కర్మాగారము తనకు మిగిలినదానిలో కొంత డిస్కౌంటుగా విదల్చనిచో వర్తకుడు వినడు, వినవలసిన పనియు లేదు. కొనువానిని అమ్మువానిని ఒకే లెక్కలో కూర్చి చూపిన నమూనాను అవిజిత్ బెనర్జీ 1986లో ప్రకటించెను. తగిన ధర సర్దుబాటు తోడైనచో ఇరువురకును మేలేయని అందు చూపెను; ఆ సర్దుబాటు లేనిచో అట్టి లెక్కకు ఆచరణలో విలువ తక్కువయని నా యభిప్రాయము.

వర్తకులు పలువురైనచో చిక్కు ముదురును. ఒకనికి 3, ఒకనికి 5, మరియొకనికి 7 వారములైనచో ముగ్గురును ఒకనాడు కలియుటకు 105 వారములు, అనగా రెండేండ్లు, పట్టును. ఎల్లరును 1, 2, 4, 8 అను వరుసలోని గడువులనే యెంచుకొన్నచో చిన్న గడువులన్నియు పెద్దవానిలో ఇముడును. ఒక గిడ్డంగి, పెక్కు దుకాణములు గల వ్యవస్థలో ఇట్టి ఏర్పాటు వ్యయము, ఊహింపదగిన అత్యుత్తమ ఏర్పాటుకన్న నూటికి 6కు మించదనియు, మూలమగు గడువును తగినట్లు ఎన్నుకొన్నచో 2కు మించదనియు రాబిన్ రౌండీ 1985లో నిరూపించెను. ఇంత మోటు నియమము ఇంత చేరువగా పోవుట నాకు హారిస్ సూత్రముకన్నను ఆశ్చర్యకరము. గిరాకీ స్థిరముగ నున్నప్పుడే యీ హామీ చెల్లును. సబ్బులకు, ఉప్పునకు ఒప్పునుగాని దీపావళి టపాకాయలకు కాదు.