మండుటెండల ఊరిలో మెరుపు డ్రైవ్ – ఎంపిక ఎలా?

కంప్యూటరు మందకొడిగా నడిచినప్పుడు చాలామంది ప్రాసెసరును నిందిస్తారు. కాని పాత యంత్రాలలో జాప్యమంతా సాధారణంగా హార్డ్ డిస్కులోనే ఉంటుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెంపై కోరిన చోటికి చేరడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. కదిలే భాగాలేవీ లేని సాలిడ్ స్టేట్ డ్రైవ్, అనగా ఎస్.ఎస్.డి., ఆ పనిని మిల్లీసెకనులో పదో వంతుకు లోపే ముగిస్తుంది.

దీనికి ఆధారమైన నాండ్ ఫ్లాష్ మెమరీని జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా బృందం 1987లో వెల్లడించింది. ఇందులో సమాచారం అతి సూక్ష్మమైన గదులలో చిక్కిన ఎలక్ట్రాన్ల రూపంలో నిలుస్తుంది. గదికి మూడు బిట్లు దాచే టి.ఎల్.సి. రకంలో ఎనిమిది ఆవేశ స్థాయిలను, నాలుగు బిట్లు దాచే క్యూ.ఎల్.సి. రకంలో పదహారు స్థాయిలను వేరుపరచి గుర్తించాలి. స్థాయిల నడుమ ఎడం తగ్గినకొద్దీ ధరతోపాటు మన్నికా తగ్గుతుంది.

ఇక వేగం సంగతి. సాటా డ్రైవ్ సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ మూడవ తరం డ్రైవ్ 3,500, నాలుగవ తరం 7,000 వరకు అందుకోగలవు. అయిదవ తరం 10,000 దాటుతుంది. అయితే ఉత్తరాలు, లెక్కలు, పిల్లల పాఠాలు, ఫోటోల వంటి ఇంటి పనులలో హార్డ్ డిస్కునుండి సాటాకు మారినప్పుడు కనిపించే తేడా, ఆపై మెట్లలో అంతగా కనిపించదు.

మక్కా వంటి చోట మరొక విషయం ముందుకు వస్తుంది. కొండల నడుమ లోయలో ఉన్న ఆ నగరంలో 2024 జూన్ 17న 51.8 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదైంది. వేగం పెరిగేకొద్దీ డ్రైవ్ కూడ వేడెక్కుతుంది. వేడి హద్దు మీరితే తనను తాను కాపాడుకొనడానికి అదే తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అధిక ధర పెట్టి కొన్న వేగం అప్పుడు అక్కరకు రాదు.

అంతకన్న ముఖ్యమైనది వేసవి సెలవులు. కుటుంబమంతా స్వదేశానికి బయలుదేరితే ఏ.సి. ఆగిన గదిలో కంప్యూటరు వారాల తరబడి నిద్రిస్తుంది. విద్యుత్తు అందని డ్రైవ్‌లో ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతాయి. వేడి ఆ జారుడును త్వరపరుస్తుంది. 2010 నాటి జెడెక్ ప్రమాణం ప్రకారం, వ్రాత పరిమితి పూర్తయిన ఇంటి డ్రైవ్ 30 డిగ్రీల వద్ద, విద్యుత్తు లేకుండ ఒక సంవత్సరం సమాచారాన్ని నిలుపుకొంటే చాలు. కొత్త డ్రైవ్ ఇంతకంటె చాలాకాలం నిలుపుతుంది కనుక రెండు నెలల సెలవుకు బెదరనక్కరలేదు. ఏండ్ల తరబడి అరిగిన డ్రైవ్‌ను మాత్రం నమ్మి వదలరాదు.

కనుక పాత కంప్యూటరుకు సాటా డ్రైవ్, కొత్తదానికి మూడవ లేక నాలుగవ తరం టి.ఎల్.సి. డ్రైవ్, దానిపై వేడిని లాగే లోహపు పలక – ఇంటికి ఇవి చాలు. ఒక టెరాబైటు డ్రైవ్‌కు 600 టెరాబైట్ల వ్రాత హామీ ఉంటే, రోజుకు 30 గిగాబైట్లు వ్రాసినా అది 50 ఏండ్లకు పైగా సరిపోతుంది.

వ్రాతవల్ల అరిగేలోపు డ్రైవ్ మరేదైనా లోపంతో హఠాత్తుగా ఆగిపోవచ్చును. అందువల్ల వేగంలో ఒక మెట్టు తగ్గించి, ఆ మిగులుతో మరొక హార్డ్ డిస్కు కొని, ఫోటోల నకలును ప్రయాణంలో వెంట తీసుకువెళ్లడం వివేకం. డ్రైవ్ పోతే బజారులో మరొకటి దొరుకుతుంది. తాతగారి గొంతు, పసివాని తొలి అడుగు దొరకవు.