ఫ్రీజర్ గోడకు పట్టిన మంచు ఆదా చేయదు

యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ నుంచి కృష్ణానగర్ దాకా కర్రీ పాయింట్లు, బేకరీలు, చికెన్ సెంటర్లు, ఐస్‌క్రీమ్ షాపులే. వీటిలో చాలాచోట్ల పగలూ రాత్రీ కరెంటు తాగేది డీప్ ఫ్రీజర్. దాని గురించి ప్రచారంలో ఉన్న కొన్ని నమ్మకాలు చిన్న వ్యాపారిని నిజంగా నష్టపెడుతున్నాయి.

అపోహ: గోడలకు మంచు పేరుకుంటే మంచిదే, కరెంటు పోయినా సరుకు చల్లగా ఉంటుంది.

వాస్తవం: మంచులో చల్లదనం నిల్వ ఉంటుందన్నది నిజమే. కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంత వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. పాల కేంద్రాల్లోని ఐస్ బ్యాంకు ట్యాంకులు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. ముందుగానే గొట్టాల చుట్టూ మంచు కట్టించి, పాలు రాగానే ఆ మంచునీటితో చల్లబరుస్తారు. ఫ్రీజర్ గోడకు పట్టేది మాత్రం గాలిలోని తేమ. లోపలి వేడి గొట్టాలకు చేరకుండా అది దుప్పటిలా అడ్డుపడుతుంది, కంప్రెసర్ ఎక్కువసేపు తిరగాల్సివస్తుంది. పైగా ఆ మంచు కరిగేది సున్నా దగ్గర. మైనస్ 18లో ఉండాల్సిన ఐస్‌క్రీమ్ అప్పటికే కారిపోయి ఉంటుంది.

అపోహ: ఐస్ ప్యాక్ ఏదైనా ఒకటే.

వాస్తవం: అది ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందన్నదే అసలు సంగతి. కుల్ఫీ బండివాళ్లు ఐసులో ఉప్పు కలిపేది అందుకే. బరువులో సుమారు 23 శాతం ఉప్పున్న నీరు మైనస్ 21 దగ్గర గడ్డకట్టి, అక్కడే కరుగుతుంది. ఐస్‌క్రీమ్ వ్యాన్లలో ఇలాంటి ద్రావణాలు నింపిన పలకలు వాడతారు. అదే పలకను పెరుగు, కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో పెడితే దండగ. దాన్ని గడ్డకట్టించడానికే కంప్రెసర్ అనవసరంగా కష్టపడాలి. అక్కడ మామూలు మంచు చాలు.

అపోహ: పలకలు పెడితే బిల్లు దానంతటదే తగ్గుతుంది.

వాస్తవం: పలక చల్లదనాన్ని పుట్టించదు, దాచుతుంది. సరిగ్గా అమరిస్తే కంప్రెసర్ మాటిమాటికీ ఆగి మొదలవడం తగ్గుతుంది. బయట చల్లగా ఉండే రాత్రివేళ పని ముగించుకునే వీలుంటుంది. మూత రబ్బరు చిరిగినా, కండెన్సర్‌కు దుమ్ము పట్టినా, పక్కనే పొయ్యి మండుతున్నా ఆ ఆదా నిలవదు. నా మాటగా చెబుతున్నాను, పలకలు కొనేముందు ఈ మూడూ చూసుకోండి.

అపోహ: రాత్రి స్విచ్ ఆపేస్తే లాభం.

వాస్తవం: మిగిలేది కొంచెమే, ఎందుకంటే లోపలికి చేరిన వేడినంతా పొద్దున మళ్లీ తోడాలి. మాంసం కరిగి మళ్లీ గడ్డకడితే క్రిములకు అవకాశమిచ్చినట్టే. పలకలున్నా సరే, లోపల థర్మామీటరు పెట్టి చూడకుండా స్విచ్ ముట్టుకోవద్దు.