రెండు అక్షరాలు, ఒక్క శబ్దం: మన చిన్నారుల ఇంగ్లీషు చదువు



దివ్య ఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన మాట ‘ఇఖ్రా’, అంటే ‘చదువు’. మీ సహాయంతో మన బెల్లంపల్లి పిల్లల చేతికి పుస్తకాలు అందుతున్నాయి. ఆ పుస్తకం తెరిచాక వాళ్లు చదవగలుగుతున్నారా అన్నది కూడా మనం చూడాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు తరచుగా ఆగిపోయే ఒక చోటు గురించి ఈ నాలుగు మాటలు.

2022-23 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఏ నుంచి జెడ్ వరకు గడగడా అప్పజెప్పే పాప కూడా ‘షిప్’ అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఎస్, హెచ్, ఐ, పి అని నాలుగు అక్షరాల పేర్లూ తెలుసు. విడివిడిగా కూడబలుక్కుంటే మాత్రం ‘షిప్’ రాదు.

ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు. తెలుగులో ‘ష’కు సొంత అక్షరం ఉంది, ఇంగ్లీషులో లేదు. అందుకే ఎస్, హెచ్ కలిసి ఆ పని చేస్తాయి. తెలుగు ఒత్తు అలా కాదు. ‘పుస్తకం’లో స, త రెండూ వినబడతాయి. ఆ అలవాటుతో పిల్లలు ఇంగ్లీషులోనూ రెండు శబ్దాలు వెతుకుతారు. రెండు అక్షరాలు కలిసి ఒకే శబ్దమిచ్చే ఇలాంటి జంటలను డైగ్రాఫ్‌లు అంటారు. షాప్‌లో ఎస్-హెచ్, చైర్‌లో సి-హెచ్, థిన్‌లో టి-హెచ్, ఫోన్‌లో పి-హెచ్, డక్‌లో సి-కె, రింగ్‌లో ఎన్-జి ముఖ్యమైనవి.

ఈ విషయంలో మన పిల్లలకు ఒక మేలు ఉంది. మక్తబ్‌లో ఖాయిదా చదివిన పిల్లవాడికి ‘సీన్’ మీద మూడు చుక్కలు పెడితే ‘షీన్’ అవుతుందని తెలుసు. ఎస్ పక్కన హెచ్ చేసే పని అలాంటిదే. ఉర్దూలో ‘బే’ పక్కన దో చష్మీ హే చేరితే ‘భ’ అవుతుంది. అక్కడా రెండు అక్షరాలు, ఒక్క శబ్దమే. అయితే ఉర్దూలో ఆ హే ఊపిరిని కలుపుతుంది, ఇంగ్లీషులో హెచ్ చాలాచోట్ల అసలు శబ్దాన్నే మార్చేస్తుంది. ఈ తేడా ఒకసారి చెప్పాలి.

టి-హెచ్ ఇంకా దగ్గర. అరబీలో బా, తా తర్వాత వచ్చే ‘థా’ను నాలుక కొన పై పళ్ల అంచుకు తాకించి పలకమని హాఫిజ్ సాబ్ నేర్పుతారు. ‘థిన్’లోని శబ్దం అదే. దాల్ తర్వాత వచ్చే ‘ధాల్’ శబ్దమే ‘దిస్’లో ఉంది. ఉర్దూ మాట్లాడేటప్పుడు వీటిని స, జ లాగా పలుకుతాం గనుక, ఆ శబ్దాలు తమకు ముందే వచ్చని పిల్లలకు తట్టదు. టీచరో అమ్మీయో గుర్తు చేస్తే చాలు.

నేర్పేటప్పుడు ముందు చెవికి, తర్వాత కంటికి నేర్పాలి. సింగరేణి ఊరి పిల్లలకు షిఫ్ట్, షాఫ్ట్, వించ్, బెంచ్ ఇంటి మాటలే. వాటితోనే మొదలుపెట్టవచ్చు. పెద్దవాళ్లు పది మాటలు చెబుతుంటే ‘ష’ వినబడినప్పుడల్లా పిల్లలు చెయ్యెత్తాలి. తర్వాత సిప్-షిప్, టిన్-థిన్ జతలు వినిపించి తేడా అడగాలి. ఆపైన చింతపిక్కల ఆట. ‘షిప్’ అంటూ ఒక్కో శబ్దానికి ఒక్కో పిక్క పెడితే మూడే వస్తాయి, అక్షరాలు మాత్రం నాలుగు. ఆ నాలుగో అక్షరం ఎక్కడ కలిసిపోయిందో పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. అప్పుడు పలక మీద మాట రాసి, జంట కింద ఒకే గీత గీయించాలి. చివర ఆ మాటలున్న చిన్న వాక్యాలు చదివించాలి.

వారానికి ఒక్క జంట చాలు. అన్నీ ఒకే చార్టులో చూపితే కలగాపులగం అవుతాయి. ‘స్కూల్’లో సి-హెచ్ ‘క’ అని, ‘మెషీన్’లో ‘ష’ అని పలకడం లాంటివి జంటలు స్థిరపడ్డాకే చెప్పాలి. ఇంగ్లీషు చదవడం రాని తల్లులు కూడా చెవి ఆట, పిక్కల ఆట ఆడించగలరు. వాటికి అక్షరాలతో పని లేదు.

2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం, 2026-27 నాటికి ప్రతి పిల్లా మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవడం. ఆ తరగతి దాటాక చదవడం నేర్పే తీరిక బడిలో తగ్గిపోతుంది. లెక్కలైనా పరిసరాల విజ్ఞానమైనా చదివే తెలుసుకోవాలి. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఉర్దూ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు రెండూ పట్టుబడకపోతే పుస్తకం మొత్తం మూతపడినట్టే. పదో తరగతిలో ట్యూషన్ ఫీజు కట్టడం కంటే, రెండో తరగతిలో ఈ అడ్డు తొలగించడం ఎంతో తేలిక.

కాబట్టి దాతలకు నా మనవి ఒక్కటే. నోటుపుస్తకాలు, ఫీజులతో పాటు చిన్న చిన్న కథల పుస్తకాలు, అక్షరాల కార్డులు, రోజూ సాయంత్రం అరగంట చదివించే ఒక అక్కకు గౌరవ వేతనం కూడా మన లెక్కలో చేర్చండి. చదవడం వచ్చిన పిల్ల రేపు తన తమ్ముడికి నేర్పుతుంది, తర్వాత తన బిడ్డకు నేర్పుతుంది. సదఖా జారియా అంటే ఇదే కదా.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, మన పిల్లలకు మేలైన జ్ఞానం ప్రసాదించుగాక. ఆమీన్.