ఇంటిలోని మొక్కకు వెలుగెంత? నీరెంత?

తిరుచానూరులో పద్మావతీ అమ్మవారి కోవెల చెంతనున్న కోనేటికి పద్మసరోవరమని పేరు. అమ్మవారు ఆ కోనేటిలోని తామరపూవు నందు అవతరించెనని స్థలపురాణము. కార్తీకమాసపు బ్రహ్మోత్సవముల చివర, పంచమీతీర్థము నాడు, లెక్కకు మిక్కిలి జనము ఇచ్చట స్నానమాడుదురు. తామర ఏ చెరువులో పెరిగినను దాని దుంప బురదలో కూరుకొనియే యుండును. దానిపై మోకాలిలోతో, నడుములోతో నీరు నిలిచి యుండును. అయినను అది కుళ్ళదు.

ఇక అదే ఊరిలో ఏదైన ఒక ఇంటి ముందుగదిలోనికి పోయి చూడుడు. రంగు కుండీలో ముచ్చటగా పెట్టిన మొక్క ఒకటి ఆకులు పసుపుబారి, తల వాల్చి యుండును. ఇంటివారు దానికి నీరు తక్కువ చేయలేదు. రోజూ పోయుచునే యున్నారు. అదియే దానికి ముప్పు తెచ్చినది.

నా సంగతినే చెప్పెదను. కొన్ని ఏండ్ల క్రిందట ఒక క్రోటను మొక్కను కొని తెచ్చి, చదువుకొను గదిలో పుస్తకముల బీరువా ప్రక్కన నిలిపితిని. ప్రతి ఉదయము ఒక చెంబెడు నీరు పోసితిని. నెల తిరుగక మునుపే రంగుటాకులు ఒక్కొక్కటే రాలసాగినవి. మిగిలిన ఆకులు వాడుచున్నవి గదా, దాహమేమో అనుకొని రెండు చెంబులు పోసితిని. చివరకు మొక్కను పెరికి చూడగా వేళ్ళు నల్లబడి, పట్టుకొన్నచో జారిపోవుచుండెను. తరగతిలో కిరణజన్య సంయోగక్రియను పాఠముగా చెప్పు నేను, ఇంటిలో ఆ పాఠమును మరచితిని. మొక్క త్రాగు నీరు, దానికి లభించు వెలుగును బట్టి యుండును. ఈ ఒక్క విషయము తెలిసినచో ఇంటిలోని మొక్కలలో పెక్కింటిని బ్రతికించుకొనవచ్చును.

కంటికి తెలియని చీకటి

వెలుగును కొలుచుటకు లక్సు అను ప్రమాణము కలదు. వేసవి మిట్టమధ్యాహ్నము ఆరుబయట ఎండ సుమారు 1,00,000 లక్సులు. చెట్టునీడలో అది పది వేలకో, అంతకు లోపునకో దిగును. ఎండ నేరుగా పడని కిటికీ వద్ద ఒకటి రెండు వేల లక్సులుండును. గదిలో లోపలి గోడ వద్దకు వచ్చుసరికి నూరో, రెండు నూర్లో మిగులును. అనగా బయటి వెలుగులో వేయి పాళ్ళకు ఒకటో రెండో పాళ్ళు మాత్రమే.

మన కంటికి ఇంత తేడా తోచదు. వెలుగు తగ్గిన కొలది కంటిపాప విచ్చుకొనును. కంటిలోని రెటీనా తన సున్నితత్వమును పెంచుకొనును. అందుచేత లోపలి గోడ ప్రక్కన కూర్చుండియు మనము సుఖముగా వార్తాపత్రిక చదువుకొనగలము. ఆకునకు అట్టి సౌకర్యము లేదు. దానికి వెలుగే కూడు. వెలుగు తగ్గినంత మేర కూడు తగ్గును. ఆకు పగలు తయారుచేసికొను ఆహారము, రేయింబవళ్ళు అది శ్వాసక్రియలో ఖర్చుచేయు ఆహారముకంటె తక్కువైనచో, మొక్క నిలువ సొమ్ము తిని బ్రతుకువాని వలె కొన్ని వారములు నెట్టుకొని వచ్చి, పిదప క్షీణించును. కొన్న నెల రోజులవరకు బాగుండి, తరువాత మొక్క పాడగుటకు కారణమిదియే.

మరి గదిలో ఏ మొక్కయు బ్రతుకదా? బ్రతుకును. ఉష్ణమండలపు దట్టమైన వర్షారణ్యములలో ఎత్తైన చెట్ల గుబురు దాటి నేలను చేరు వెలుగు నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. లక్ష లక్సులలో ఒకటి రెండు పాళ్ళనగా వేయి, రెండు వేల లక్సులు. మన కిటికీ ప్రక్కనుండు వెలుగు సరిగా అంతే! ఆ అడవుల అడుగున పెరుగు మొక్కలు, పలుచని వెడల్పాటి ఆకులతో, తక్కువ ఖర్చుతో కాపురము చేయ నేర్చినవి. వానినే మనము ఇంటిమొక్కలుగా తెచ్చుకొనుచున్నాము.

వెలుగును కొలుచుటకు పరికరము లేకున్నను ఒక తేలిక ఉపాయము కలదు. పగటివేళ, దీపము వేయక, మొక్కనుంచు చోట ఒక తెల్లకాగితమును పరచి, దానికి జానెడు ఎత్తున అరచేతిని పట్టుడు. నీడ అంచులు స్పష్టముగా కనిపించినచో మంచి వెలుగు. అంచులు చెదరి, చేయి ఆకారము మాత్రము తెలిసినచో నీడమొక్కలకు చాలును. నీడయే పడనిచో అచ్చట మొక్కను పెట్టరాదు.

నీరెక్కువైన వేళ్ళకేమగును?

మొక్క పీల్చిన నీటిలో చాలభాగము ఆకుల పత్రరంధ్రముల నుండి ఆవిరియై పోవును. వెలుగు తగ్గినచో ఈ పత్రరంధ్రములు అంతగా తెరచుకొనవు. ఆవిరి తగ్గును, వేళ్ళు పీల్చు నీరు తగ్గును. మనము మాత్రము రోజూ ఒకే కొలత పోయుచుందుము. త్రాగని నీరు మట్టిలో నిలిచిపోవును.

మట్టిరేణువుల నడుమ సందులుండును. వానిలో కొంత నీరు, కొంత గాలి ఉండవలెను. వేళ్ళును శ్వాసించును గనుక వానికి ప్రాణవాయువు కావలెను. సందులన్నియు నీటితో నిండినచో ప్రాణవాయువు నీటిగుండా ప్రయాణము చేయవలసి వచ్చును. గాలిలో వ్యాపించుటకంటె నీటిలో అది సుమారు పదివేల రెట్లు మందముగా వ్యాపించును. ఊపిరాడని వేళ్ళు చచ్చును. కుళ్ళు తెచ్చు శిలీంధ్రములు వానిపై దాడిచేయును. వేళ్ళు చచ్చిన మొక్క, చుట్టు నీరున్నను, పీల్చలేదు. కావున ఆకులు వాడును. నీరు లేక వాడిన మొక్కయు, నీరెక్కువై వాడిన మొక్కయు చూచుటకు ఒకే తీరున నుండును. నేను క్రోటనుకు రెండవ చెంబు పోసినది ఈ పోలికవలననే. అందుచే వాడిన ఆకును చూచి నీరు పోయరాదు. మట్టిని తాకి చూచి పోయవలెను.

తామర సంగతి వేరు. దాని ఆకుకాడను అడ్డముగా కోసి చూచినచో లోపల పొడవునా గొట్టములు కనిపించును. దుంపలోను అట్టి గొట్టములే కలవు. లేత ఆకులు ఎండకు వెచ్చబడినప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరిగి, కాడల గుండా దుంపలోనికి దిగును. ముదురు ఆకుల ద్వారా తిరిగి బయటపడును. విద్యార్థులు తామరకాడ నొకదానిని తెచ్చి, ఒక కొనను నీటిలో ముంచి, రెండవ కొననుండి ఊదినచో బుడగలు వచ్చును. గదిలో పెట్టు మొక్కలలో పెక్కింటికి ఇట్టి గాలిగొట్టముల ఏర్పాటు లేదు. తామరకు ఆరుబయటి నిండు ఎండయు కలదని మరువరాదు.

ఏ మొక్కలను ఎన్నుకొనవలెను?

ముందు చోటును చూచుకొని, పిదప మొక్కను ఎన్నుకొనవలెను. మనలో చాలమంది మొక్కను ముందు కొని, చోటును తరువాత వెదకుదురు.

వెలుగు తక్కువైన గదిలోనైనను ఓర్చుకొనునది పాముమొక్క. పశ్చిమ ఆఫ్రికాకు చెందినది. కత్తులవలె నిలిచిన దళసరి ఆకులలో నీటిని నిలువ చేసికొనును. దీని దగ్గరి చుట్టము మన మెట్టభూములలోను కలదు; అదియే చాగ. దాని నారతో పూర్వము వింటినారులు పేనెడివారు. ఈ జాతి మొక్కలు పగటి ఎండలో పత్రరంధ్రములను మూసి, రాత్రి తెరచి, బొగ్గుపులుసు వాయువును గ్రహించి దాచుకొనును. అందుచే వీనికి నీటి ఖర్చు చాల తక్కువ. రెండు మూడు వారములకు ఒకసారి నీరు పోసినను చాలును. తూర్పు ఆఫ్రికానుండి వచ్చిన జీజీ మొక్కయు ఇట్టిదే. దాని దుంపలు నీటికుండలవంటివి.

కిటికీ దాపున మనీప్లాంటు, సింగోనియము, ఆగ్లోనీమా బాగుగా పెరుగును. మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రములోని ఒక దీవినుండి లోకమంతటికి వ్యాపించినది. గదిలో దాని ఆకు అరచేతికి మించదు. అదే తీగ పెరటిలో కొబ్బరిచెట్టు నెక్కినచో ఆకు చేటంతయై చీలికలు పడును. వెలుగు, ప్రాకుటకు ఆధారము చేయు వింత ఇది. తెల్లమచ్చలున్న ఆకులలో ఆ మచ్చల చోట పత్రహరితము ఉండదు. కావున వెలుగు తక్కువగు చోట మచ్చల రకముకంటె పచ్చని రకమే మేలు.

క్రోటనుకు, తులసికి, గులాబికి గది తగదు. వానిని మిద్దెమీదనో, ఎండపడు వసారాలోనో పెట్టవలెను. ఎరీకా పామునకు మంచి వెలుగున్న వరండా కావలెను.

ఒక హెచ్చరిక. మనీప్లాంటు, సింగోనియము, ఆగ్లోనీమా, డీఫెన్‌బాకియా, జీజీ మొక్క - ఇవియన్నియు కంద, చేమల కుటుంబమునకు చెందినవి. పచ్చికందను తరిగిన చేతికి దురద పుట్టించు సూదులవంటి కాల్షియము ఆక్సలేటు స్ఫటికములు వీనిలోను కలవు. పసిపిల్లలు నమిలినచో నోరు, నాలుక వాచును. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని ఎత్తున వీనిని ఉంచవలెను.

మరియొక హెచ్చరిక. విహారమునకు శేషాచలము కొండలకు పోయినవారు అచ్చటి మొక్కలను పెరికి తేరాదు. ఈతచెట్టును తలపించు సైకస్ బెడ్డోమీ అను అరుదైన మొక్క సహజముగా ఈ కొండలలోను, వీనిని ఆనుకొనియున్న కడప కొండలలోను మాత్రమే పెరుగును. అది వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందిన మొక్క. 2010లో ఈ కొండల ప్రాంతమును జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించినారు. ఎండిన రాతినేలకు, ఎండకు అలవడిన ఆ మొక్కలు మన గదులలో బ్రతుకవు కూడ.

కుండీ, మట్టి, నీరు

కడియము, కడియపులంకల నర్సరీలనుండి మనకు వచ్చు మొక్కలలో పెక్కు నీడవలల క్రింద, గోదావరి ప్రాంతపు తేమగాలిలో పెరిగినవి. మన ఊరి పొడిగాలికి మారినప్పుడు కొన్ని ఆకులు రాల్చుట సహజము. కంగారుపడి ఎక్కువ నీరు, ఎరువు వేయరాదు. రెండు మూడు వారములు కదల్చక ఒకేచోట ఉంచవలెను.

కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. మట్టికుండీ మేలు, మంచినీటి కూజావలె దాని గోడలనుండియు కొంత తేమ ఆవిరియగును. అడుగున గులకరాళ్ళు పరచినచో నీరు బాగుగా దిగునని పలువురు తలంతురు. నిజమునకు సన్నని మట్టిలోని నీరు, మట్టి అంతయు నానువరకు, రాళ్ళ సందులలోనికి దిగదు. తడి పొర వేళ్ళకు మరింత చేరువకు జరుగును. రాళ్ళకు బదులు మట్టిలోనే ఇసుక, కొబ్బరిపొట్టు, మాగిన పశువులయెరువు కలిపి గుల్లచేయుట మంచిది.

వ్రేలిని రెండు కణుపుల లోతున మట్టిలో గ్రుచ్చి చూడవలెను. పొడిగా తగిలినప్పుడే, అడుగునుండి కారువరకు నీరు పోసి, పళ్ళెములో చేరినదానిని పారబోయవలెను. పళ్ళెములోను, సీసాలో పెంచు మనీప్లాంటు నీటిలోను, డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు సుమారు వారము, పది దినములలో దోమలగును. కావున సీసానీటిని వారమునకు రెండుమార్లు మార్చి, సీసా లోపలి అంచును రుద్ది కడుగవలెను.

ఏప్రిల్, మే నెలలలో తిరుపతి ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటును. అప్పుడు పడమటి కిటికీనుండి మొక్కను జరుపవలెను. నీడకు అలవడిన ఆకు మాడిపోవును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల ముసురు పట్టినప్పుడు వెలుగు తక్కువ, గాలిలో తేమ ఎక్కువ. అప్పుడు నీటిని సగమునకు తగ్గించినను తప్పులేదు. ఆకులపై దుమ్మును తడిగుడ్డతో తుడుచుట మరువరాదు. దుమ్ము పొర, ఉన్న కొద్ది వెలుగును హరించును.

గాలిని శుద్ధిచేయునా?

ఇంటిమొక్కలు గాలిలోని విషవాయువులను తొలగించునను ప్రచారము 1989లో అమెరికా అంతరిక్షసంస్థ నాసా ప్రచురించిన పరిశోధననుండి బయలుదేరినది. ఆ ప్రయోగములు మూసిన చిన్న పెట్టెలలో జరిగినవి. మన ఇండ్లలో కిటికీల, తలుపుల గుండా గాలి మారుచుండును. 2019లో అట్టి పరిశోధనలను మరల లెక్కించి చూచినవారు, గాలి మారుటవలన కలుగు శుద్ధికి సమానము కావలెనన్నచో చదరపు మీటరు నేలకు పదినుండి వేయి మొక్కలు కావలెనని తేల్చిరి. కిటికీ తెరచుటయే సులభము!

రాత్రి మొక్కలు విడుచు బొగ్గుపులుసు వాయువు హాని చేయునను భయమునకును ఆధారము లేదు. నిద్రించు మనిషి గంటకు సుమారు పది లీటర్ల బొగ్గుపులుసు వాయువును విడుచును. చదరపు మీటరు ఆకులున్న నీడమొక్క విడుచునది లీటరులో పదవ వంతునకు మించదు.

తరగతిలో ఒక ప్రయోగము

ఒకే కొలత కుండీలలో, సమానమైన ఆకులున్న రెండు మనీప్లాంట్లను తీసికొనుడు. రెండింటికిని నీరు పోసి, కారుట ఆగిన పిదప కుండీని, మట్టిని పాలిథీను సంచిలో ఉంచి కాండము చుట్టు వదులు లేకుండ కట్టుడు. ఇక నీరు ఆకులనుండి మాత్రమే పోవును. ఒకదానిని కిటికీ వద్ద, రెండవదానిని గది మూలలో ఉంచి, ఒక వారముపాటు రోజూ ఒకే వేళకు త్రాసులో తూచి, తగ్గిన బరువును పట్టికలో వ్రాసి గ్రాఫు గీయుడు. సెల్‌ఫోనులో లక్సు చూపు సాధనమున్నచో రెండుచోట్ల వెలుగును కొలిచి ప్రక్కనే వ్రాయుడు. మూలలోని మొక్క ఎంత తక్కువ నీరు త్రాగుచున్నదో ఆ గీతలే చెప్పును. వారము కాగానే సంచులను విప్పివేయవలెను.

ఆ క్రోటను చచ్చిన చోట నేడు మా ఇంటిలో మొక్క లేదు. అరచేతి నీడ అచ్చట పడదు. కిటికీ ప్రక్కన పచ్చని మనీప్లాంటు ఒకటి పెరుగుచున్నది. దానికి నేను రోజూ నీరు పోయను. రోజూ మట్టిని తాకి చూచెదను.