నిప్పు దాచుకున్న రాగి టోపీ

కొండవాలున చోడిచేను కంకి పట్టే వేళకు అడవిపందులు దిగుతాయి. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మంచె, డప్పు, రేకుడబ్బా, కుక్కలు రైతుకు మొదటి కావలి. అవి చాలనప్పుడు వచ్చేది మూతి నుంచి మందు కూరే తుపాకి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలా లైసెన్సుకు ఈ రకాన్నే పేరుపెట్టి చెప్పింది. అది సరిపోదని అధికారికి నమ్మకం కలిగితేనే నున్నటి గొట్టం ఉన్న మరో తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు.

ఈ తుపాకికి కొట్లో తయారైన తూటా పనిచెయ్యదు. ప్రతి దెబ్బకూ మందూ రవ్వలూ చేత్తో దట్టించాల్సిందే. చేత్తో చేసుకోలేనిది ఒక్కటే: గింజంత రాగి టోపీ. తుపాకి తెలివంతా అందులోనే ఉంది.

సైన్సు తరగతిలో ఒక ప్రశ్న తరచూ వస్తుంది. గొట్టంలోని తుపాకిమందుకు నిప్పు కావాలి కదా, టోపీకి దెబ్బ ఎలా సరిపోతుంది? తుపాకిమందు అంటే బొగ్గు, గంధకం, సురేకారం కలిపిన పొడి. మండే పదార్థం ఒక రేణువులో ఉంటే, దాన్ని మండించే ఆక్సిజన్ పక్క రేణువులో ఉంటుంది. రెండూ కలవాలంటే వేడి కావాలి. టోపీలో మొదట్లో వాడిన పాదరసపు ఫల్మినేట్ అలా కాదు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఒకే అణువులో, బలహీనమైన బంధాలతో ఇరుక్కుని ఉంటాయి. గట్టిగా నొక్కితే చాలు, ఆ బంధాలు తెగి మంట పుడుతుంది. దీపావళికి పిల్లల తుపాకిలోని రీలు చుక్కా దెబ్బకే పేలుతుంది, కానీ అది వేర్వేరు పదార్థాల మిశ్రమం.

టోపీ కింద ఉక్కు మొన ఉంటుంది, దాని నడుమ సన్నని రంధ్రం. పైనుంచి సుత్తి పడగానే టోపీలోని మందు సుత్తికీ మొనకూ మధ్య నలుగుతుంది. పుట్టిన మంట రంధ్రంలోంచి దూసుకుపోయి తుపాకిమందును అంటిస్తుంది. మొన దాగలి పనీ చేస్తుంది, మంటకు దారీ ఇస్తుంది. ఒకే ముక్కకు రెండు పనులు!

దెబ్బతో నిప్పు పుట్టించే ఈ పద్ధతికి మూలపురుషుడు సైనికుడు కాదు. స్కాట్లాండ్‌లో బెల్‌హెల్వీ చర్చి పాస్టరు అలెగ్జాండర్ ఫోర్సిత్. ఆయనకు నీటిపక్షుల వేటంటే ప్రాణం. ఆనాటి చెకుముకి తుపాకిలో ముందు బయటి పళ్లెంలోని మందు భగ్గుమనేది, ఆ తర్వాతే గుండు కదిలేది. మెరుపు చూసిన పక్షి ఆలోగా లేచిపోయేది. మంటను లోపలే దాచాలని ఆయన పట్టుబట్టాడు. లండన్ టవర్‌లో ప్రయోగాలకు చోటు దొరికింది కానీ, అధికారి మారగానే అది పోయింది. అయినా 1807లో పేటెంటు సంపాదించాడు. పేరుమోసిన తుపాకుల తయారీదారు జోసెఫ్ మాంటన్ అదే బాట పట్టేసరికి ఫోర్సిత్ కోర్టుకెక్కి గెలిచాడు. రాగి టోపీ ఆ తర్వాత వచ్చింది. మొదట చేసింది తానేనన్నవాళ్లలో మాంటన్ ఒకడు, జాషువా షా మరొకడు.

గెలుపు లెక్కల్లో తేలింది. 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో రెండు రకాలతోనూ ఆరేసి వేల సార్లు పేల్చి చూశారు. చెకుముకి 922 సార్లు మొరాయించింది, టోపీ 36 సార్లే. వాననూ గాలినీ టోపీ తట్టుకుంది.

తర్వాతి కథ వేగంగా సాగింది. మందు, గుండు, టోపీ మూడూ ఒకే ఇత్తడి గొట్టంలోకి చేరి తూటా అయ్యాయి. 1866లో ఇద్దరు కల్నల్‌లు ఆ దాగలిని రెండుచోట్ల పెట్టారు. అమెరికా వాడైన బెర్డన్ దాన్ని ఇత్తడి గొట్టానికే అమర్చి, పక్కన రెండు రంధ్రాలు వదిలాడు. ఇంగ్లండు వాడైన బాక్సర్ దాన్ని టోపీలోనే ఇమిడ్చి, గొట్టం మధ్యలో ఒకే రంధ్రం ఉంచాడు. ఆ నడిమి రంధ్రంలో కడ్డీ దూర్చి వాడిన టోపీని తేలిగ్గా తోసేయవచ్చు. అందుకే చేలు పాడుచేసే ఎలుకజాతి జంతువుల వేటకు తూటాలు చేత్తో నింపుకునే అమెరికన్లు ఇంగ్లండు వాడి పద్ధతినే ఎంచుకున్నారు. అమెరికా వాడి పద్ధతి యూరప్‌లో వ్యాపించింది.

మన చట్టంలో తూటా తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. చేలో పడ్డ పందిని కొట్టాలన్నా తుపాకి లైసెన్సు ఒక్కటే చాలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచో, ఆయన అధికారమిచ్చిన అధికారి నుంచో రాతపూర్వక అనుమతి కావాలి.