గుమ్మం ఎత్తేవేళ కలప భారం

పేరాల: సిమెంటు బస్తా ఎంతో, ఇనుము టన్ను ఎంతో ఇల్లు కట్టుకొనే ప్రతివారికీ తెలుసు. కలప దగ్గరికి వచ్చేసరికే లెక్క తప్పుతోంది. ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం పెట్టుకొన్న తరువాత అడితికి వెళ్లి ధర అడిగేవారే ఎక్కువ. అప్పటికి బేరమాడే వ్యవధి ఉండదు. పేరాల, చీరాలల్లోనే కాదు, బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లోనూ సొంతంగా ఇల్లు కట్టుకొనే సామాన్యుల పరిస్థితి ఇంచుమించు ఇదే.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఇల్లంటే కర్రే. పెంకుటింటికి స్తంభాలు, దూలాలు, వాసాలు అన్నీ కలపతోనే. పొలం గట్లమీది తాడిచెట్టు దూలమయ్యేది, వేపచెట్టు తలుపయ్యేది. కలిగినవారు బర్మా టేకు తెప్పించుకొనేవారు. 1921లో పురపాలక పన్నులకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల ప్రజలు ఊళ్లు విడిచి రామనగర్‌లో వేసుకొన్నవి పాకలే. అటువంటి ఇంటికి అడితి గడప తొక్కవలసిన పని అంతగా ఉండదు. శ్లాబు ఇళ్లు వచ్చాక కలప వాటా గుమ్మాలు, కిటికీలు, తలుపులకు పరిమితమైంది. వాటా తగ్గినా భారం మాత్రం తగ్గలేదు.

దుంగ దూరమైంది

అడవుల్లో చెట్ల నరికివేతపై 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశంలో కలప సరఫరా తీరునే మార్చివేసింది. ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవిలో చెట్టు కొట్టరాదని అందులోని సారాంశం. అడవులను కాపాడేందుకు అది అవసరమే, కానీ ఆ లోటును దిగుమతులే పూడ్చవలసివచ్చింది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతిని నిషేధించడంతో బర్మా టేకు మరింత అరుదైంది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల టేకుపై ఆధారపడటం పెరిగింది.

దిగుమతి సరుకుకు డాలర్లలో చెల్లించాలి. 2005లో 44 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 రూపాయలు దాటింది. అంటే అక్కడ ధర అణువంత పెరగకపోయినా ఇక్కడ దుంగ ఖరీదు రెట్టింపైనట్లే. దానిపై 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. కలపకు అటువంటి ఊరట దక్కలేదు. ఇక సొంత పొలంలో పెంచిన టేకును అమ్ముకోవాలన్నా రైతుకు నరికివేత, రవాణా అనుమతుల కోసం తిరగక తప్పదు. దానికితోడు చేవ బాగా పట్టిన చెట్టు కావాలంటే ఇరవై, ముప్పై ఏళ్లు ఆగాలి. అంతకాలం ఓపిక పట్టే చిన్న రైతులు ఎందరుంటారు?

ఇంటికి పడేదెంత

కలపను ఘనపుటడుగుల్లో కొలుస్తారు. సింహద్వారానికి ఏడడుగుల నిలువు కర్రలు రెండు, నాలుగడుగుల అడ్డకర్రలు రెండు, మొత్తం 22 అడుగుల పొడవు. మందం అయిదంగుళాలు, నాలుగంగుళాలు అనుకొంటే మూడు ఘనపుటడుగులకు కాస్త ఎక్కువే అవుతుంది. నాలుగంగుళాలు, మూడంగుళాల కర్రతో గడప లేని లోపలి గుమ్మానికి ఒకటిన్నర, మధ్య కర్రతో కూడిన నాలుగడుగుల చదరపు కిటికీకి ఒకటీ ముప్పాతిక లోపు పడుతుంది. నాలుగు లోపలి గుమ్మాలు, నాలుగు కిటికీలున్న ఇంటికి చట్రాలకే పదిహేనున్నర ఘనపుటడుగులు కావాలి. తలుపు రెక్కలు, కోతలో పోయే వృథా దీనికి అదనం. ఘనపుటడుగుకు 500 రూపాయలు పెరిగితే ఆ చట్రాల మీదే ఏడువేల ఏడువందల యాభై పెరిగినట్లు.

లక్షల్లో కట్టే ఇంటికి ఇదొక లెక్కా అనిపించవచ్చు. అయితే 2020 డిసెంబరులో మొదలైన పేదల కాలనీల్లో ఇంటికి ఇచ్చిన సాయం 1.80 లక్షలు. అసంపూర్తిగా మిగిలిన ఇళ్లకు 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించారు. ఆ ఇళ్లు చిన్నవే, గుమ్మాలూ తక్కువే. కానీ చేతిలో సొమ్ము అయిపోయే దశలోనే తలుపు రెక్కలు బిగించవలసివస్తుంది. సింహద్వారానికి మాత్రం తలుపు పెట్టి, లోపలి గదులకు తెరలు కట్టుకొని గృహప్రవేశం చేసేవారు అందుకే కనిపిస్తారు. నేతన్న ఇంటికి మరో చిక్కు ఉంది. మగ్గం ఉన్న గదే అతని కార్ఖానా. దానికి తలుపు లేకపోతే పడుగుకు రక్షణ ఉండదు.

కలప దెబ్బ మరో వైపు నుంచీ తగులుతోంది. సెంట్రింగుకు వాడే సరుగుడు బాదులను కాగితపు మిల్లులూ కొంటున్నాయి. తీరం వెంబడి ఇసుక నేలల్లో నాలుగైదేళ్లకు కోతకొచ్చే తోటకు మిల్లు గిరాకీ ఉండటం రైతుకు మేలే. శ్లాబు వేసే చిన్నవారికి మాత్రం ఆ మేలు భారమవుతోంది. ఇనుప జాకీలు, రేకులు వచ్చాక ఈ ఒత్తిడి కొంత తగ్గింది.

ఇళ్ల ధరల మాటేమిటి

అమెరికాలో ఇంటి అస్థిపంజరమే కలప. 2021 మేలో అక్కడ వెయ్యి బోర్డు అడుగుల ధర 1,600 డాలర్లు దాటింది. దీనివల్ల సగటు కొత్త ఇంటి ధర 36 వేల డాలర్ల వరకు పెరిగిందని అక్కడి గృహనిర్మాణదారుల జాతీయ సంఘం లెక్కకట్టింది. మన దగ్గర అలా నేరుగా కనిపించదు. అపార్టుమెంట్లు కట్టేవారు టేకును సింహద్వారానికి పరిమితం చేసి, లోపల ఫ్లష్ తలుపులు, కిటికీలకు యూపీవీసీ బిగిస్తున్నారు. ఫ్లాటు ధరను ప్రధానంగా నిర్ణయించేది స్థలం విలువ. కలప ఆదా అయినంత మాత్రాన అడుగు ధర తగ్గించేవారు అరుదు. పెరిగిన ధర పూర్తిగా మోసేది తన స్థలంలో తానే కట్టుకొనే చిన్న మనిషే.

అటువంటివారు శంకుస్థాపన నాడే కలప లెక్క వేయించుకోవడం మంచిది. ముహూర్తపు హడావిడిలో కొన్న పచ్చి కర్ర ఎండాక వంగి, తలుపు పట్టకుండా పోతుంది. అంచుల్లో తెల్లచెక్క ఎక్కువగా ఉంటే పురుగు పడుతుంది. పాత పెంకుటిళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, స్తంభాలు బాగా ఆరినవి, చేవ ఉన్నవి కనుక వాటిని సామిల్లులో కోయించుకొంటే గుమ్మాలకు చక్కగా పనికొస్తాయి. కోయించేముందు లోపల మేకులు లేకుండా చూసుకోవాలి. కొత్త కర్ర కొంటే కోసిన తరువాత కొలత దగ్గరుండి చూసుకొని, కర్ర రకం, ఘనపుటడుగులు రెండూ బిల్లులో రాయించుకోవాలి.